ఫిబ్రవరిలో టెనెరీఫ్: పడవ మీంచి దూకి ఈత కొట్టగలమా, లేక వెబ్‌సైట్ మాటేనా?

కార్క్_కాపురం
ఫిబ్రవరిలో పిల్లలకి మిడ్ టర్మ్ సెలవులు. స్పెయిన్ వాళ్ళ కెనరీ దీవుల్లో ఒకటైన టెనెరీఫ్‌కి టికెట్లు కొనేశాం, కోస్టా అదెహేలో అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. ఇప్పుడు ఇంట్లో గొడవంతా పడవ ట్రిప్ దగ్గర. మూడు గంటలు, కాటమరాన్ (రెండు పొట్టల పడవ), ముందు తిమింగలాలు చూపిస్తారట, తర్వాత ఏదో చిన్న కయ్య (తీరం లోపలికి వంగిన చోటు) దగ్గర లంగరు వేసి ఈత, స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటం), పాడిల్‌బోర్డింగ్ (పలక మీద నిలబడి తెడ్డు వేయడం). "ఏడాది పొడవునా ఈత" అని వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో ఉంది. మా ఆవిడ అది చూసి మనసు పారేసుకుంది.

ఆఫీసులో ఐరిష్ కొలీగ్‌ని అడిగితే "నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి" అన్నాడు. కానీ ఆయన క్రిస్మస్ పొద్దున్నే డబ్లిన్ దగ్గర ఫార్టీ ఫుట్ అనే చోట చల్లటి సముద్రంలో దూకే బాపతు. ఆ సర్టిఫికెట్ నాకు చెల్లదు. మన శరీరాలకి తగ్గ మాట కావాలి. నేను కాలవలో నేర్చుకున్న ఈతగాణ్ణి, ఆవిడది స్విమ్మింగ్ పూల్ ఈత, పిల్లలకి 11, 7. ఫిబ్రవరిలో నిజంగా దిగొచ్చా? నలుగురికీ కలిపి అంత డబ్బు పోసి పడవలో కూర్చుని వణకడం నాకిష్టం లేదు.

పప్పుచారు_ప్రియుడు
ఫిబ్రవరిలో అక్కడ సముద్రం 19 డిగ్రీలు. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఏసీ 24లో పెడితేనే అమ్మ దుప్పటి కప్పుకుంటుంది. ఇంకేం చెప్పమంటారు.

అట్లాంటిక్_అప్పారావు
పక్క దీవిలో, లాస్ పాల్మాస్ పోర్టులో ఓడల రిపేరు పనిలో ఉన్నాను. మాది విశాఖ. కాబట్టి రెండు సముద్రాల సంగతీ తెలుసు.

19 అన్న అంకె నిజమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ నీళ్ళు అన్నిటికంటే చల్లగా ఉంటాయి, 18-19 మధ్య. సెప్టెంబర్, అక్టోబర్‌లో 23-24 దాకా వెళ్తాయి. అంటే ఏడాది మొత్తమ్మీద తేడా అయిదు డిగ్రీలే. కెనరీ ప్రవాహం ఉత్తరం నుంచి చల్లటి నీళ్ళు మోసుకొస్తుంది కాబట్టి వేసవిలో మరీ వేడెక్కదు, చలికాలంలో మరీ పడిపోదు. "ఏడాది పొడవునా ఈత" అనే మాట నీటి వేడి వరకు అబద్ధం కాదు.

కానీ ఈత ఆగేది చలి వల్ల కాదు, గాలి వల్లా అలల వల్లా. ఈ దీవుల మీద ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి, ఇక్కడివాళ్ళు ఆలిసియోస్ అంటారు. 3,715 మీటర్ల టెయిదే కొండ వాటికి అడ్డం నిలబడుతుంది. అందుకే నైరుతి తీరం, అంటే కోస్టా అదెహే నుంచి లాస్ గిగాంతెస్ దాకా, కొండ చాటున ప్రశాంతంగా ఉంటుంది. పడవ ట్రిప్పులన్నీ అక్కడే ఎందుకు పోగయ్యాయో ఇప్పుడు అర్థమైంది కదా. కొంచెం ఇటు తూర్పుకి ఎల్ మెదానో దగ్గరికొస్తే అదే గాలి బుసకొడుతుంది, అక్కడ కైట్ సర్ఫింగ్ వాళ్ళదే రాజ్యం.

చలికాలంలో చిక్కేమిటంటే అప్పుడప్పుడూ అట్లాంటిక్ అల్పపీడనం ఒకటి కిందికి దిగొస్తుంది. గాలి నైరుతికి తిరుగుతుంది. అప్పుడు కొండ చాటు ఏమీ ఉండదు, ఆ తీరమే గాలికి ఎదురు నిలబడుతుంది. రెండు మూడు రోజులు పడవలు కదలవు. అది దాటితే మళ్ళీ అద్దంలా ఉంటుంది.

కాబట్టి ఫిబ్రవరిలో రావొచ్చా అంటే రావొచ్చు. ఫలానా తారీఖునే ఈత కొడతామా అంటే ఎవరూ చెప్పలేరు. పడవ ట్రిప్ సెలవు చివరి రోజున మాత్రం పెట్టుకోకండి. మొదట్లోనే బుక్ చేస్తే, రద్దయినా ఇంకో రోజు దొరుకుతుంది.

బెర్లిన్_బుజ్జి
అప్పారావు గారు చెప్పిన ఆ "రెండు మూడు రోజులు" సరిగ్గా మా నెత్తినే పడ్డాయి. జనవరిలో వెళ్ళాం. పొద్దున్నే గాలి కనిపిస్తూనే ఉంది, "మేడమ్, నో ప్రాబ్లమ్" అంటూ ఎక్కించుకున్నారు. తిమింగలాలు కనిపించాయి, నిజమే. ఈత దగ్గరికొచ్చేసరికి "ఈరోజు సేఫ్ కాదు, సారీ" అన్నారు. పాడిల్‌బోర్డులు సంచీలోంచి బయటికే రాలేదు. డబ్బు వెనక్కివ్వమంటే తిమింగలాలు చూశారు కదా, ట్రిప్ పూర్తయినట్టే అన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. కంపెనీ పేరు రాయను.

నా మట్టుకు నాకు చలికాలంలో ఈ ట్రిప్ దండగ. అక్టోబర్‌లో వెళ్ళండి.

మిడత
@బెర్లిన్_బుజ్జి ఈత ఆపినందుకు కోపమా, డబ్బు ఇవ్వనందుకా? మొదటిదైతే కెప్టెన్‌కి దణ్ణం పెట్టాలి.

బెర్లిన్_బుజ్జి
డబ్బుకే. ముందురోజు రాత్రి ఫోర్‌కాస్ట్ వాళ్ళకీ తెలుసు కదా. తెలిసీ ఎక్కించుకోవడం ఏమిటి?

అట్లాంటిక్_అప్పారావు
బుజ్జి గారి మాట న్యాయం. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈత స్టాప్ లేకపోతే ఏం చేస్తారు?" తేదీ మార్చుకోనిస్తామని మెయిల్లో రాసి ఇచ్చేవాళ్ళని పట్టుకోండి. నోటి మాట వద్దు.

ఫోర్‌కాస్ట్ మీరే చూసుకోవచ్చు. స్పెయిన్ వాతావరణ శాఖ ఏమెట్ తీరప్రాంతాలకి పసుపు, నారింజ హెచ్చరికలు ఇస్తుంది. విండీ యాప్‌లో అల ఎత్తు ఒక్కటే చూడకండి, పక్కన సెకన్లు కూడా ఉంటాయి. ఒక మీటరు అల 6 సెకన్లకి ఒకటి వస్తే చిన్న కుదుపు. అదే మీటరు 14 సెకన్లకి ఒకటి వస్తే ఎక్కడో దూరంగా తుఫానులో పుట్టి వచ్చిందని అర్థం. పడవలో కూర్చుంటే తెలియదు, రాళ్ళ దగ్గర స్నార్కెల్ చేస్తుంటే మనిషిని ఎత్తి రాతి మీద పెడుతుంది.

గోదారి_గట్టు
ఈ సెకన్ల సంగతి నాకు తెలీదు. దాచుకున్నా.

లండన్_లక్కీ
నేను డిసెంబర్‌లో డాల్ఫిన్లతో ఈత కొట్టాను, టెనెరీఫ్‌లోనే. చిన్న పడవ మాట్లాడుకున్నాం. కెప్టెన్ వాటి పక్కకి తీసుకెళ్ళి దూకమన్నాడు. లైఫ్‌లో మర్చిపోలేను. పెద్ద కాటమరాన్లు వేస్ట్, చిన్న పడవ చూసుకోండి.

మిడత
@లండన్_లక్కీ అది చట్టవిరుద్ధం బ్రో. వీడియో ఎక్కడా పెట్టకు.

తెనాలి_తరంగం
మిడత సరదాగా అన్నా విషయం సీరియస్. స్పెయిన్‌లో 2007 నాటి రాయల్ డిక్రీ, అంటే ప్రభుత్వ శాసనం ఉంది. తిమింగలాలు, డాల్ఫిన్ల చుట్టూ 500 మీటర్ల మేర పడవలు పాటించాల్సిన పద్ధతులున్నాయి, 60 మీటర్ల కంటే దగ్గరికి వెళ్ళకూడదు, వాటితో ఈత అసలే కుదరదు. టెనెరీఫ్‌కీ లా గొమేరా దీవికీ మధ్య నీళ్ళు తీరానికి కాస్త దూరంలోనే వెయ్యి మీటర్ల లోతుకి పడిపోతాయి. పైలట్ తిమింగలాలు ఆ లోతుకి దిగి స్క్విడ్ వేటాడి పైకొచ్చి పగలు సేద తీరుతుంటాయి. ఏడాదంతా అక్కడే కాపురం. ఆ సేద తీరే టైములో మనం ధబాలున దూకితే వాటికేం బాగుంటుంది?

లైసెన్సు ఉన్న పడవల మీద "బార్కో అజుల్" (నీలి పడవ) అని రాసిన పసుపు జెండా కనిపిస్తుంది. అది లేని పడవ ఎంత చవకైనా ఎక్కకండి. చట్టం మాట అటుంచినా, తిమింగలాల దగ్గర రూలు తప్పేవాడు మీరు నీళ్ళలోంచి ఎక్కే నిచ్చెన దగ్గర ఇంజిన్ ఆపుతాడని ఏం నమ్మకం?

లండన్_లక్కీ
సరే సరే, అందరూ కలిసి మీద పడ్డారు. డాల్ఫినే నా దగ్గరికొచ్చింది.

పప్పుచారు_ప్రియుడు
ఆధార్ కార్డు చూపించిందా?

కార్క్_కాపురం
చాలా పనికొచ్చే మాటలు. అప్పారావు గారూ, మా చిన్నవాడికి 7. పడవ మీంచి లోతు నీళ్ళలోకి దించొచ్చా? వాడు పూల్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి ఈదేస్తాడు.

ఈతల_సుజాత
ఇది నాకు వదలండి, లెస్టర్‌లో పిల్లలకి ఈత నేర్పుతాను.

పూల్‌లో ఈదడం వేరు, పడవ మీంచి దిగడం వేరు. పూల్‌లో అలిసిపోతే గోడ ఉంటుంది, కాలు కింద ఆనుతుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కింద నీలం తప్ప ఏమీ కనబడదు. పెద్దవాళ్ళే కొందరు ఆ నీలం చూడగానే గట్టిగా ఊపిరి పీల్చడం మొదలెడతారు. దానికి 19 డిగ్రీల చలి తోడైతే మొదటి అర నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. అందుకే దూకొద్దు. నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగండి, మెడ దాకా నీళ్ళు వచ్చాక నిచ్చెన వదలకుండా ఊపిరి కుదుటపడనివ్వండి. ముఖం నీళ్ళలో చివర్లో పెట్టండి. అప్పటికి చలి సగం తగ్గినట్టు ఉంటుంది.

ఏడేళ్ళ వాడికి లైఫ్ జాకెట్ వేసి, మీరు చెయ్యి అందేంత దూరంలో ఉంటే దించొచ్చు. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత దుస్తు) తప్పనిసరి, 3 మిల్లీమీటర్ల మందందైనా. పిల్లలు చిన్న శరీరాలు కాబట్టి త్వరగా చల్లబడతారు, "ఇంకో అయిదు నిమిషాలు" అంటూనే పెదవులు నీలంగా మారతాయి. వాడు అడిగేదాకా ఆగకండి, మీరే పైకి తీసుకురండి. పైకొచ్చాక తడి బట్టల్లో గాలికి కూర్చోబెట్టొద్దు. టోపీ ఉన్న టవల్, పొడి స్వెట్టర్ పెట్టుకెళ్ళండి.

ముందు రోజు ఎల్ దుకే బీచ్‌లో నడుము లోతులో మాస్కు, గొట్టం అలవాటు చెయ్యండి. పడవ మీద మొదటిసారి మాస్కు పెట్టుకున్నవాళ్ళు ట్రిప్ అంతా మాస్కుతోనే యుద్ధం చేస్తారు.

గోదారి_గట్టు
మా తాత నన్ను నడుముకి తాడు కట్టి బావిలోకి తోసేవాడు. లైఫ్ జాకెట్లూ లేవు, వెట్‌సూట్లూ లేవు.

ఈతల_సుజాత
తాడు ఉంది కదండీ. మీ తాతగారు సేఫ్టీ తెలిసినవారే.

బెర్లిన్_బుజ్జి
చూడ్డానికి నిజంగా ఏముంటుంది నీళ్ళలో? మేము అండమాన్‌లో హ్యావ్‌లాక్ దీవి చూశాం. అలాంటి పగడాలు ఉంటాయా?

తెనాలి_తరంగం
పగడపు దిబ్బలు ఉండవు. అండమాన్ దృష్టిలో పెట్టుకుని వెళితే నిరాశే. ఇది నల్ల లావా రాయి, సందులు, గుహలు. కానీ నీళ్ళు తేటగా ఉంటాయి, రాయి నల్లగా ఉండటం వల్ల చేపల రంగు ఇంకా ఎగిరిపడుతుంది. బియెఖా అని ఒక చేప ఉంది, చిలక చేపల జాతి. ఇందులో ఆడదే ఎర్రగా, పసుపు మచ్చతో సింగారంగా ఉంటుంది, మగది బూడిద రంగు. ట్రంపెట్ చేప కర్రలా నిలువుగా ఆగి ఉంటుంది, ముక్కు దాకా వెళ్ళాక గానీ కదలదు. చలికాలంలో ఇసుకలో పూడుకుని ఏంజెల్ షార్క్ కనిపించే అవకాశం కూడా ఉంది. యూరప్ తీరాల్లో దాదాపు మాయమైన జాతి, కెనరీలే దానికి మిగిలిన పెద్ద ఆధారం. ఇసుకలో కళ్ళు రెండూ కనిపిస్తే పైనుంచి చూడండి, ముట్టుకోకండి.

ఎల్ పుయెర్తీతో అనే చిన్న కయ్య దగ్గర పచ్చ తాబేళ్ళు వస్తాయి. ట్రిప్పులు చాలా అక్కడే ఆగుతాయి. వాటికి తిండి వెయ్యకూడదు, వేసే పడవలు ఉన్నాయి. ఒకే చోటికి అన్ని పడవలూ వచ్చి పడితే తాబేలుకీ సుఖం లేదు, మనకీ సుఖం లేదు. నన్నడిగితే లాస్ గిగాంతెస్ హార్బర్ నుంచి బయల్దేరి మాస్కా కయ్య దగ్గర ఆగే చిన్న ట్రిప్ మేలు. ఆ కొండ గోడల కింద ఈదుతుంటే మెడ వెనక్కి విరిచినా పైకొస కనబడదు. పొద్దున ట్రిప్ తీసుకోండి, గాలి తక్కువ.

అట్లాంటిక్_అప్పారావు
తరంగం గారితో ఇక్కడ ఒప్పుకోను. ఆ కొండలు పడమటికి చూస్తాయి. ఫిబ్రవరి పొద్దున పూట ఆ గోడ కింద అంతా నీడ. 19 డిగ్రీల నీళ్ళు, పైన ఎండ లేదు, పిల్లలు వణుకుతారు. చలికాలంలో అక్కడికైతే మధ్యాహ్నం ట్రిప్పే.

తెనాలి_తరంగం
మధ్యాహ్నానికి గాలి లేచి పాడిల్‌బోర్డు ఎక్కలేకపోతే?

అట్లాంటిక్_అప్పారావు
అందుకే పాడిల్‌బోర్డు ముఖ్యమైతే పొద్దున పుయెర్తీతో వైపు, ఈత ముఖ్యమైతే మధ్యాహ్నం గిగాంతెస్. రెండూ ఒకే ట్రిప్‌లో బాగా కుదిరేది అక్టోబర్‌లోనే, అక్కడ బుజ్జి గారిదే గెలుపు. జూలై, ఆగస్టుల్లో ఆలిసియోస్ మంచి ఊపు మీద ఉంటాయి, వేసవి కదా అని బోర్డు మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు అప్పుడూ భంగపడతారు.

మిడత
పాడిల్‌బోర్డు అంటే నాకు నవ్వొస్తుంది. మా బావ కొచ్చిలో ఎక్కాడు. నిలబడ్డ టైము కంటే పడ్డ టైము ఎక్కువ.

ఈతల_సుజాత
నిలబడాలని ఎవరు చెప్పారు? పడవ దగ్గర అలకి బోర్డు ఎప్పుడూ ఊగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తే చాలు, కొత్తవాళ్ళకి అదే ఆనందం. చీలమండకి కట్టే తాడు మాత్రం విప్పొద్దు. గాలికి బోర్డు ఒక్కటే జారిపోతే దాన్ని ఈది అందుకోవడం అసాధ్యం.

అట్లాంటిక్_అప్పారావు
ఇంకో మాట, ఇది ఏ బ్రోషర్లోనూ ఉండదు. లంగరు వేసిన పడవ మామూలుగా గాలికి ఎదురుగా తిరిగి నిలబడుతుంది. నిచ్చెన ఉండేది వెనక భాగంలో. అంటే మీరు దిగగానే గాలి మిమ్మల్ని పడవకి దూరంగా తోస్తుంది. హాయిగా తేలుతున్నాం అనుకుంటూ వెనక్కి చూస్తే పడవ ఎక్కడో ఉంటుంది. కాబట్టి దిగగానే పడవ పక్కగా ముందు వైపుకి, గాలికి ఎదురుగా వెళ్ళండి. అలిసిపోయాక గాలే మిమ్మల్ని నిచ్చెన దగ్గరికి తోసుకొస్తుంది. బోర్డుకైనా ఇదే లెక్క. మంచి పడవ వాళ్ళు వెనకాల పొడుగు తాడుకి బంతి కట్టి నీళ్ళలో వదులుతారు. దిగేముందు అది ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వెయ్యమని అడగండి.

గాలి తీరం నుంచి సముద్రంలోకి వీస్తున్న రోజు ఇంకా జాగ్రత్త. నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, బోర్డు మాత్రం లా గొమేరా వైపు ప్రయాణం కడుతుంది. అలాంటప్పుడు బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదండి, నిలబడితే ఒళ్ళే తెరచాప అవుతుంది. బోర్డు వదిలేసి ఈదడం మాత్రం ఎప్పుడూ వద్దు.

పప్పుచారు_ప్రియుడు
లా గొమేరాకి టికెట్ డబ్బులు మిగిలాయి అనుకోవచ్చు.

మెల్లగా_మదీరా
అందరూ టెనెరీఫ్ అంటున్నారు. ప్రశాంతంగా ఈత కావాలంటే పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి. గరజావ్ దగ్గర 1986 నుంచి సముద్ర అభయారణ్యం ఉంది, పెద్ద పెద్ద మేరూ (గ్రూపర్) చేపలు మనుషులకి జంకవు. ఇసుక బీచ్‌లు పెద్దగా లేవు కాబట్టి అక్కడ ఈతంటే మెట్లు దిగడమో, పడవ మీంచి దిగడమో.

బెర్లిన్_బుజ్జి
టికెట్లు కొనేశారని మొదటి పోస్టులోనే ఉంది మదీరా గారూ.

కృష్ణా_కాలవ
మధ్యలో దూరుతున్నా. ఐర్లండ్ నుంచి వెళ్ళేవాళ్ళు, మీ ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ నివాస అనుమతి) స్పెయిన్‌లో పనికిరాదు. ఇండియన్ పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా కావాలి. యూకే వాళ్ళకీ అంతే. ఇండియా నుంచి విజిట్‌కి వచ్చిన అమ్మానాన్నలు మామూలుగా అక్కడి నుంచే వీసా తెచ్చుకోవాలి. మాకు తెలిసినవాళ్ళు ఎయిర్‌పోర్టులో ఆగిపోయారు.

వీసా కోసం కొనే 30,000 యూరోల ఇన్సూరెన్సులో నీటి ఆటలు ఉన్నాయో లేవో చదవండి. చాలా పాలసీల్లో విడిగా కట్టాలి.

కార్క్_కాపురం
మావి ఐరిష్ పాస్‌పోర్టులే. ఇన్సూరెన్సు సంగతి మాత్రం తట్టలేదు, ఈరోజే చూస్తా. మా ఆవిడకి బస్సులోనే కడుపులో తిప్పుతుంది, పడవలో ఎలా?

ఈతల_సుజాత
మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఏది, ఎంత అన్నది ఫార్మసీలో అడగండి, పిల్లల డోసు వేరు. కొన్నిటికి మత్తు వస్తుంది, మత్తులో ఈతకి దిగొద్దు. ఖాళీ కడుపుతోనూ, నిండా తినీ ఎక్కొద్దు. కాటమరాన్ తక్కువ ఊగుతుంది, ముందు భాగంలో వల మీద కాకుండా వెనక మధ్యలో కూర్చుని దూరంగా కొండని చూడమనండి. గాలి నింపిన రబ్బరు స్పీడు పడవలు మాత్రం నడుం నొప్పి ఉన్నవాళ్ళకి పనికిరావు.

గోదారి_గట్టు
పడవలో తిండి పెడతారా?

తెనాలి_తరంగం
ఎక్కువ వాటిలో శాండ్‌విచ్, కూల్‌డ్రింక్. శాకాహారమని ముందే చెప్పాలి. దిగాక ఉప్పు పట్టిన చిన్న బంగాళాదుంపలు, పాపాస్ అర్రుగాదాస్, ఎర్ర మోహోతో తినండి. మిరపకాయ, వెల్లుల్లి, జీలకర్ర, నూనె. మన రోటి పచ్చడికి దూరపు చుట్టం.

మిడత
జెల్లీ చేపలు ఎవరూ చెప్పలేదు.

అట్లాంటిక్_అప్పారావు
చలికాలం చివర, వసంతంలో గాలి తోసుకొస్తే పోర్చుగీస్ మాన్ ఓ వార్ అనే, జెల్లీ చేపలా కుట్టే ప్రాణి కొన్ని రోజులు కనిపిస్తుంది. నీలం, ఊదా రంగు బుడగ నీటి మీద తేలుతుంది, కింద మీటర్ల పొడవు దారాలు. ఒడ్డున ఎండి పడున్నా ముట్టుకోవద్దు, పిల్లలు బెలూన్ అనుకుంటారు. అవి వచ్చిన రోజు బీచ్‌లో హెచ్చరిక జెండా కడతారు, పడవ వాళ్ళు చోటు మారుస్తారు. వెట్‌సూట్ చలికే కాదు, దీనికీ పనికొస్తుంది.

రాళ్ళ దగ్గర కాళ్ళు కిందపెట్టొద్దు, నల్ల ముళ్ళ సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) ఉంటాయి. ఇదివరకటి కంటే బాగా తగ్గిపోయాయి, ఏదో తెగులు వచ్చి కుప్పలుగా చచ్చాయి. అయినా ఒక్కటి గుచ్చుకున్నా సెలవు పాడే.

నంద్యాల_నాని
లేటుగా వచ్చాను. నాకు మైనస్ 5 పవర్. కళ్ళద్దాలు తీసేస్తే చేపకీ చెప్పుకీ తేడా తెలీదు. స్నార్కెలింగ్ నాకు లేనట్టేనా?

ఈతల_సుజాత
పవర్ అద్దాల మాస్కులు డైవింగ్ షాపుల్లో దొరుకుతాయి. రెండు కళ్ళకీ వేర్వేరు పవర్ అయినా ఒక్కో అద్దం విడిగా పెట్టిస్తారు. పడవల్లో అవి ఉంచరు, మీదే తీసుకెళ్ళాలి. అద్దం మసకబారకుండా లోపల ఒక చుక్క బేబీ షాంపూ రాసి కడిగేయండి. మీకు మీసం ఉంటే ముక్కు కింద అంచు దగ్గర కొంచెం గొరుక్కోండి, లేకపోతే అక్కణ్ణుంచే నీళ్ళు కారతాయి.

నంద్యాల_నాని
మాస్కు కొంటాను గానీ, మీసం సంగతి మా నాన్నని అడగాలి.

మిడత
ముఖమంతా కప్పే మాస్కు కొను, మీసం దక్కుతుంది.

ఈతల_సుజాత
వద్దు. నాసిరకానివి లోపలి గాలినే మళ్ళీ పీల్పిస్తాయి, నీళ్ళు చేరితే గబుక్కున తీయడం కష్టం. మామూలు మాస్కు, మామూలు గొట్టం. నాలుగు రోజుల్లో మీసం మళ్ళీ వస్తుంది నాని గారూ.